కోళ్ళగూటి పెంకు

"మా పిల్ల ఏదో ఒకటి పగలగొడుతుంది. రెండువేల ఏళ్ళు నిలిచింది ఇవాళ మా చేతుల్లో పోతుంది."

మ్యూజియం గుమ్మంలో నేను పైకే అనేశాను. కాపలా ఉన్న పొలిక్సేని అత్త నవ్వింది.

"భూకంపాలకే పోనివి నీ పిల్లకి పోతాయా? రా లోపలికి."

గుట్ట మీద శిథిలాలు, కింద మ్యూజియం. ఆ గుమ్మంలో ఆవిడది ఇరవై ఎనిమిదేళ్ళ కాపలా. తల లేని విగ్రహం వెనక ఎవరైనా తమ తల పెట్టి ఫోటో దిగబోతే ఈల వేస్తుంది. "దాని తల పోయి అది ఏడుస్తుంటే, మధ్యలో నీ తలొకటా?" అంటుంది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతుంది. అందాకా ఒక్క మాట పడకూడదని ఆవిడ పట్టుదల.

రెండేళ్ళ మా మిర్సినిని చూసి, "ఎంత ముద్దుగా ఉందో! తూ తూ తూ" అని దిష్టి తగలకుండా మూడుసార్లు ఉమ్మినట్టు చేసింది. జేబులోంచి తన కోళ్ళగూటి కప్పు పెంకు ముక్క తీసి, దాన్ని కూడా పొగిడి, తూ తూ తూ అని పాప చేతిలో పెట్టింది. చేతిలో ఒకటుంటే పిల్లలు ఇంకోటి ముట్టరట.

నిజంగానే ముట్టలేదు. పెరట్లో కడిగి ఆరబెట్టిన తవ్వకం పెంకులు కనబడగానే, తన పెంకును బుద్ధిగా వాటి మధ్య పడుకోబెట్టింది.

నలభై ముక్కలు, అన్నీ ఒకే ఎరుపు. కాసేపట్లో తవ్వకాల పెద్దసారు వచ్చి వాటికి నంబర్లు వేస్తాడు; అందాకా కాపలావాళ్ళు వాటిని ముట్టకూడదు.

"అయిపోయింది. నాకు పింఛను రాకముందే నా కోళ్ళు చరిత్రకెక్కుతాయి" అంది అత్త.

నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. మట్టిలో ఇనుము ఎంతుందో చూస్తే తేలిపోతుందన్నాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వారాలు."

"నువ్వు కాస్త ఊరుకో తల్లీ." పాప ముందు చతికిలబడింది. "ఏదే బంగారం, మన అందమైన పెంకు?"

మిర్సిని వంగి, ఒకదాని మీద తూ తూ తూ అని నిజంగానే ఉమ్మింది. సరిగ్గా అప్పుడే పెద్దసారు వచ్చాడు.

"పొలిక్సేనీ! పిల్లచేత పురాతన వస్తువుల మీద ఉమ్మిస్తున్నావా?"

"పురాతనమా? తిరగేసి చూడండి సారూ. మొన్న ఈస్టర్‌కి కోళ్ళగూటికి నా చేత్తో కొట్టిన సున్నం."

ఆయన తిరగేశాడు. సున్నమే. దాన్ని అత్త చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "ముందువైపు మాత్రమే చూసుంటే రోమన్ల కాలం అని రాసేవాణ్ణి. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా మిర్సిని చేతిలో, పిడి మీద నా పేరు రాసిన చెక్క గరిటె ఒకటి ఉంటుంది. ఆ రోజు సాగనంపుతూ అత్త చెప్పింది అదే:

"ముట్టుకోకు, ముట్టుకోకు అని అరవకమ్మాయ్. చేతిలో ఏదో ఒకటి పెట్టు. పెట్టేముందు మాత్రం దానిమీద నీ పేరు రాసుకో."