గుడ్డ మీద అయిదో పిన్ను

మా ఆయన చేతులు చూసి పిల్లనిచ్చే ఇల్లు ఎక్కడా ఉండదు. గోళ్ళ సందుల్లో నల్లటి గీతలు, అరచేతుల నిండా గాట్లు, ఎంత సబ్బు పెట్టి తోమినా వదలని గేర్ ఆయిలు వాసన. నన్ను అడగడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ చేతులు రెండూ జేబుల్లో దాచుకుని కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం మా వీధి తలుపు గడియ వదులుగా ఉందని గమనించి, ఎవరినీ అడక్కుండా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించి మరీ వెళ్ళాడు. మా నాన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు గాని, నేను అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాను.

అది జరిగి ఇరవై ఎనిమిదేళ్ళు. మా షెడ్డులో రెండు కార్లు పడతాయి. మూడోది వస్తే వీధిలో నిలబడాల్సిందే. ఒక పక్క కిందికి దిగి పనిచేసుకునే గొయ్యి, గోడ పొడుగునా స్పానర్లు, ముందు నాలుగడుగుల కౌంటరు. ఆ కౌంటరు నాది. నట్లు, బోల్టులు, ఆయిల్ సీళ్ళు, గ్రీజు డబ్బాలు అమ్ముతాను. ఆయన చేసేది రెండే పనులు, గేరుబాక్సు, స్టీరింగు. ఇంజను జోలికి పోడు. బ్రేకులంటే పక్క వీధిలో అడగమంటాడు. "బండిని ఉరికించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎటు పోవాలో, ఎంత పోవాలో చూసేవాడు ఒకడుండాలిగా" అంటాడు. ఒక్క పనికి వంద సామెతలు చెప్పే మనిషి కాదు, ఇదొక్కటే చెబుతాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే చెబుతున్నాడు.

వీధిలో ఆయన్ని గుడ్డ మేస్త్రి అంటారు. ఎందుకంటే ఆయన పనంతా ఒక గుడ్డ మీద నడుస్తుంది. పాత దుప్పటిని మధ్యకి చింపి, అంచులు కుట్టిన తెల్ల గుడ్డ. విప్పిన ప్రతి భాగాన్నీ కిరోసిన్‌లో కడిగి, తుడిచి, విప్పిన వరసలోనే దాని మీద పేరుస్తాడు. ముందు విప్పింది ఎడమ చివర, ఆఖరున విప్పింది కుడి చివర. మళ్ళీ బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వస్తాడు. పాతవి పారేసి కొత్తవి వెయ్యాల్సిన చిన్న సామాను అడుగు వరసలో ఉంటుంది. పని పూర్తయ్యేసరికి గుడ్డ ఖాళీ కావాలి. అప్పుడు రెండు కొసలూ పట్టుకుని దులుపుతాడు. గుడ్డ దులిపాకే బండి తాళం చేతికిస్తాడు. ఆ గుడ్డని వారం వారం ఉతికేది నేనే గాని, పని జరుగుతుండగా ముట్టుకునే హక్కు నాకు లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి దాని మీద టీ గ్లాసు పెట్టాను. రెండు రోజులు మాట్లాడలేదు మహానుభావుడు.

ఒకసారి ఎవరో అడిగారు, "ఎప్పుడైనా గుడ్డ మీద ఏమైనా మిగిలిందా మేస్త్రీ?" అని.

"మిగిలిన రోజు షెడ్డు తలుపు మూసేస్తానండీ" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయనకి హాస్యం చేతకాదని నాకు తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏడాది కిందట ఆయన గుండీల చొక్కాలు మానేశాడు. తల మీంచి దూర్చుకునే బనీను చొక్కాలు అరడజను కొనుక్కొచ్చి, ఉక్కపోతకి ఇవే నయం అన్నాడు. సరే అనుకున్నాను. తర్వాత ఒక రోజు పొగలు కక్కుతున్న టీ గ్లాసు అంచు దగ్గర కాకుండా నడుం దగ్గర పట్టుకుని నింపాదిగా తాగుతుంటే చూశాను. వేళ్ళకి స్పర్శ పోతోంది. పెద్ద స్పానరు పట్టడానికి ఇబ్బంది లేదు, అది అరచేతి పని. చిన్న వస్తువే వేళ్ళ మధ్య ఉందో జారిందో తెలియడం లేదు. డాక్టరు దగ్గరికి పోదాం అని చెప్పొచ్చు. కాని ఆ మనిషి బతికిందే ఆ వేళ్ళతో. గేరుబాక్సు కడుపులో చెయ్యి పెట్టి, కంటికి ఆనని పళ్ళు తడిమి, "రెండో గేరు రింగు అరిగింది" అని చెప్పే వేళ్ళవి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా పుట్టింట్లో పేరు. అలాంటిదాన్ని ఏడాది పాటు ఈ ఒక్క మాట మింగేశాను. ఆయన చెప్పే రోజు కోసం చూశాను. ఆయనేమో నేను చూడలేదనుకుని బతికాడు.

మా షెడ్డుకి ఎక్కువ వచ్చేది డ్రైవింగ్ టీచరమ్మ కారు. పాపం, ఆ కారు చేసుకున్న పాపమేమిటో గాని, నేర్చుకునే ప్రతివాడూ దాని ప్రాణం తీసేవాడే. క్లచ్చి తొక్కకుండా గేరు మార్చేది ఒకడు, ఆగి ఉండగానే స్టీరింగు విరిచేది ఒకడు. ఈసారి గేరుబాక్సు గరగరమంటోంది, స్టీరింగు ఒక పక్కకి లాగుతోంది. గేరుబాక్సు దించాలంటే ముందు చక్రాల దగ్గర రెండు పక్కలా, పైనొకటి కిందొకటి ఉండే కీళ్ళు విప్పాలి. ఆ కీళ్ళకి గాట్లున్న నట్లు ఉంటాయి. నట్టు బిగించాక గాటుకీ లోపలి కడ్డీకి ఉన్న కన్నానికీ సరిచూసి, అందులోంచి ఒక పిన్ను దూర్చి, దాని కాళ్ళు రెండూ వెనక్కి వంచాలి. తలపిన్ను లాంటిదే, అంతకన్నా లావు. కాటర్ పిన్ను అంటారు. అది లేకపోతే నట్టు రోడ్డు మీది గుంటకింత చొప్పున వదులై, ఒక రోజు ఊడిపోతుంది. ఆ తర్వాత స్టీరింగు మీరు ఎటు తిప్పినా చక్రం తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. పాత పిన్ను మళ్ళీ వాడకూడదు. అందుకని ఎడమకి రెండు, కుడికి రెండు, మొత్తం నాలుగు కొత్తవి నా కౌంటరు నుంచి తీసుకుని అడుగు వరసలో పెట్టుకున్నాడు.

అంతకు ముందు వారమే ఒక పిన్ను ఆయన చేతిలోంచి జారింది. జారినట్టు ఆయనకి తెలియలేదు. కాసేపటికి ఖాళీ వేళ్ళు చూసుకుని, నేను చూస్తున్నానేమోనని ఇటు తిరిగి, గ్రీజు కోసం వచ్చినట్టు నటించి, నేల మీద పాకుతూ అరగంట వెతికాడు. నేను చీటీలేవో రాస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ అరగంట నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

అందుకే ఈసారి ఒక తెలివైన పని చేశాను. ఆయన టీ తాగడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు ఇంకో పిన్ను తెచ్చి, గుడ్డ అడుగు అంచున చిన్న మడత కింద దాచాను. ఒకటి జారితే ముందు గుడ్డ మడత ఎత్తి చూస్తాడు, ఇంకోటి కనిపిస్తుంది, పాకక్కర్లేదు అనుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఆ రోజు పని ఆలస్యమైంది. టీచరమ్మ గంట నుంచీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె దగ్గర నేర్చుకునే బ్యాంకు క్యాషియరుకి పదకొండింటికి డ్రైవింగ్ పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు, మూడోసారి కూడా తప్పితే ఆఫీసులో తలెత్తుకోలేనని అతని గోల. ఆలస్యం వేళ్ళ వల్లేనని మా ఆయనకి తెలుసు, నాకు తెలుసు. చివరి నట్టు అయిందనిపించుకుని పైకి లేచాడు. గుడ్డ వైపు చూశాడు. ఖాళీగా కనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, దులపకుండా తాళం ఇచ్చేశాడు.

కారు వీధి మలుపు తిరిగింది. ఆయన వెనక్కి వచ్చి గుడ్డ కొసలు పట్టుకుని దులిపాడు. టింగుమని చప్పుడైంది.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. "ఇది మిగిలిందే" అన్నాడు.

చెప్పెయ్యాల్సింది. నోటి దాకా వచ్చింది. అప్పుడు తట్టింది నాకు అసలు ముప్పు. నేను అయిదోది పెట్టాను, నిజమే. కాని ఆయన చేతిలోంచి ఒకటి జారి గొయ్యిలో పడి, కారుకి మూడే ఎక్కి ఉంటే? అప్పుడూ మిగిలేది ఒకటే. ఆయన గుడ్డ ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నేను పెట్టిన పిన్నుతో అది అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. కారులో మనుషులున్నారు. ముందు కారు ఆపాలి.

టీచరమ్మకి ఫోను చేశాను. బండిలో ఉండగా ఫోను తియ్యకూడదని పిల్లలకి పాఠం చెప్పే మనిషి, తనెందుకు తీస్తుంది? షెడ్డు అలాగే వదిలేసి స్కూటరు తీశాను. ఆయన వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా నా వీపు వెనక ఒకటే గొణుగుడు. "ఎడమ పక్క పైది పెట్టాను. కాళ్ళు వంచాను. కిందిది... కిందిది పెట్టాను. వంచానా?" వింటుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికే అని తుడుచుకున్నాను.

మేం వెళ్ళేసరికి పరీక్ష మైదానంలో క్యాషియరు సీట్లో బిగుసుకుపోయి కూర్చుని ఉన్నాడు. పక్కన అట్ట పట్టుకుని పరీక్ష అధికారి. మా ఆయన పరుగెత్తి కారు ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"ఏంటి మేస్త్రిగారూ?" అంది టీచరమ్మ కంగారుగా వచ్చి.

"ఒక పిన్ను చూడాలమ్మా. చూసేదాకా బండి కదపొద్దు" అన్నాడు.

చక్రాలు ఒక పక్కకి తిప్పించి, దుమ్ములో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. పై కీళ్ళ పిన్నులు రెండూ కంటికి కనిపించాయి. కింది కీళ్ళవి రేకు చాటున ఉంటాయి, వేలితో తడమాల్సిందే. ఆయన తడిమాడు. మళ్ళీ తడిమాడు. చాలాసేపు పట్టింది. చుట్టూ జనం పోగవుతున్నారు.

"ఒకసారి ఇలా రావే" అన్నాడు కింద నుంచి.

నేను కొంగు బిగించి ఆ పక్క నుంచి దూరాను. ఇద్దరం కారు కింద ఎదురెదురుగా పడుకున్నాం. ఆయన నా వైపు చూడకుండా, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు, "నాకు తెలియట్లేదే. ఉందో లేదో."

ఏడాది నుంచి నేను ఎదురుచూసిన మాట అది. వినాలని చూసి చూసి, విన్నాక ఎందుకు విన్నానా అనిపించింది. చెయ్యి లోపలికి పెట్టాను. నట్టు, గాటు, గాటులో పిన్ను, వెనక్కి వంచిన రెండు కాళ్ళు. కుడి పక్కకి పాకి అక్కడా చూశాను. ఆ పిన్ను కొస వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. అంత గట్టిగా వంచాడు.

"నాలుగూ ఉన్నాయి" అన్నాను.

"మరి ఇదెక్కడిది?"

"నేను పెట్టింది. మీ చేతిలోంచి జారితే మళ్ళీ నేల మీద పాకకూడదని."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"గుండీల చొక్కాలు మానేసినప్పట్నుంచి."

టీచరమ్మ చెప్పులు మా తలల దగ్గరికి వచ్చాయి. "బండి బాగానే ఉందా మేస్త్రిగారూ?"

"బాగుందమ్మా. మా ఆవిడ చూసింది" అన్నాడు.

క్యాషియరు ఆ రోజు పాసయ్యాడు. కారు కింద నుంచి మొగుడూ పెళ్ళాలు దుమ్ముకొట్టుకుని బయటికి రావడం చూశాక ఇక దేనికీ భయం వెయ్యలేదట.

ఇంటికొచ్చాక ఆయన షెడ్డు తాళాలు బల్ల మీద పెట్టాడు. "మిగిలిన రోజు మూసేస్తానన్నాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మిగిలింది మీ పనా, నా పనా? మీరు పెట్టాల్సిన నాలుగూ పెట్టారు. ఎక్కువ పెట్టినదాన్ని నేను. మూసేస్తే నా కౌంటరు మూసెయ్యండి. రేపు మాత్రం డాక్టరు దగ్గరికి రావాలి, ఎల్లుండి నుంచి నట్టు మీరు బిగించండి, పిన్ను నేను పెడతాను. గుడ్డ ముట్టుకుంటే రెండు రోజులు మాట్లాడరా, మానెయ్యండి. నాకూ కాస్త విశ్రాంతి" అన్నాను.

డాక్టరు నరాలన్నాడు, మందులిచ్చాడు, తగ్గొచ్చు తగ్గకపోవచ్చు అన్నాడు. తాళాలు బల్ల మీదే ఉన్నాయి.

మూడో రోజు పొద్దున నేను తల దువ్వుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అలమారా అడుగున మడతపెట్టి ఉంచిన నీలం గీతల చొక్కా వేసుకున్నాడు. గుండీలన్నీ తెరిచే ఉన్నాయి. చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి, ఆ మొదటి రోజు మా ఇంట్లో కూర్చున్నట్టే. దువ్వెన పక్కన పెట్టి పైనుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చాను.

"ఎన్ని?" అన్నాడు.

"ఆరు."

"సరిగ్గా చూడు. ఏదైనా మిగిలిందేమో."

చూశాను. ఏమీ మిగల్లేదు. ఆయన బల్ల మీది తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం వెళ్ళి షెడ్డు తలుపు తీశాం.