మా సంగతులన్నీ దేవుడికి చెప్పేసే నాన్న

మా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని ఒక్కసారి కూడా తిట్టలేదు... తిట్టాల్సినవన్నీ కళ్లు మూసుకుని దేవుడికి చెప్పేసేవారు!

యాభైల నాటి చోడవరం. దీపాలు పెట్టే వేళకి అమ్మ తుంగచాప పరిచేది. నాన్న, అమ్మ, మా అప్ప రూతు, నేను... నలుగురం మోకరించేవాళ్లం. మా వైపు అక్కని అప్ప అంటాం లెండి. నాన్న బడిలో పంతులు, చర్చిలో సంఘ పెద్ద. మాతో మా ఊరి మాటే మాట్లాడేవారు గానీ, ప్రార్థన మొదలెడితే మాత్రం ఎక్కడినుంచో పుస్తకాల భాష వచ్చేసేది.

"కృపగల తండ్రీ... మా చిన్నబిడ్డ శాంతకు ఎక్కాలు అప్పజెప్పు వేళకు మాత్రమే వచ్చు కడుపునొప్పిని నీవే స్వస్థపరచుము..."

శాంత అంటే నేనే. నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదు, ఎదురు చెప్పకూడదు, చివర్న బుద్ధిగా ఆమేన్ అనాలి. పగలు మేం చేసిన ఘనకార్యాలన్నీ అమ్మ నాన్న చెవిన వేసేది, సాయంత్రం నాన్న పైకి చేరవేసేవారు. అంత పకడ్బందీ ఏర్పాటు!

మా సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక, నాకు కావాలి అని ఎవరికి వాళ్లే అడగాలి. అప్పుడు శారదా నదికి తీసుకెళ్లి నీళ్లలో ముంచి ఇస్తారు. అప్పకి పదిహేనో ఏడు వచ్చింది. ఒక సాయంత్రం నాన్న ప్రార్థనలో, "వచ్చు మాసమున బాప్తిస్మము పొందబోవు నీ కుమార్తె రూతును సిద్ధపరచుము" అనేశారు.

ఆ సంగతి అప్పకి తెలియడం అదే మొదలు! సంఘ పెద్ద కూతురు కదా, ఒద్దంటుందా అని నాన్నే చర్చిలో పేరు ఇచ్చేశారు. పిల్లని ఒక మాట అడగాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు...

అప్ప ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదు. చెరుకు ముక్కంటే ప్రాణం పెట్టేది, చేతికిచ్చినా పక్కన పెట్టేసింది. బియ్యం చెరుగుతూ అమ్మ కదిపింది.

"ఏటే, ఏటయింది నీకు?"

"నాకు అప్పుడే ఒద్దమ్మా... భయమేస్తంది."

"మీ నాన్నతో సెప్పు మరి."

"ఎలాగ సెప్పను? నోరిప్పితే, రా అమ్మా ప్రార్థన సేసుకుందాం అంటారు."

అమ్మ చేట పక్కన పెట్టి అప్ప తల నిమిరింది.

మా ఇంట్లో నాన్న తర్వాత ఒక్కొక్కరం పైకి ప్రార్థన చెయ్యాలి. ఆ శనివారం సాయంత్రం అప్ప వంతు వచ్చింది...

"కృపగల తండ్రీ, నన్ను అడుగకయే నా పేరు ఇచ్చిన మా నాన్నగారిని..." అని అచ్చం నాన్న భాషలోనే మొదలెట్టింది. అంతలోనే ఆ భాష కాస్తా జారిపోయి, మా ఊరి మాట వచ్చేసింది.

"దేవుడా... నాన్న కోసం నీళ్లల్లో మునిగితే నీకిష్టమేనా? నువ్వు నాకింకా బాగా తెలీదు. తెలుసని నీకే అబద్దం సెప్పలేను. ఈ మాట నాన్నకి సెప్దామంటే... నాన్న మా గురించి నీతోనే మాటాడతారు, మాతో మాటాడరు."

ఆమేన్ అనలేదు. ఎవరూ అనలేదు.

ఒక కన్ను తెరిచి చూశాను. నాన్న కళ్లు మూసుకునే ఉన్నారు. ఇవాళ్టితో మా ఇంట్లో కూడా తిట్లు మొదలు అనుకున్నాను. చివరికి అమ్మే గట్టిగా "ఆమేన్" అంది. అమ్మ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు నేను.

మర్నాడు పొద్దున్న అప్ప పెరట్లో గిన్నెలు తోముతుంటే, నాన్న వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"సెప్పు తల్లీ. భయం దేనికి?"

అప్ప నెమ్మదిగా మొదలెట్టింది. రెండు మాటలు అయ్యాయో లేదో నాన్న, "బైబిలు వాక్యంలో ఏటుందంటే..." అన్నారు. వంటింట్లోంచి అమ్మ దగ్గింది. నాన్న ఆపేశారు. పంతులుగారు నోరు మూసుకుని ఒకరు చెప్పేది వినడం అదే చూడ్డం!

అంతా విన్నాక, "నానే తొందరపడ్డాను తల్లీ. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడే" అన్నారు. ఆ రోజు ఆరాధన అయ్యాక అందరి ముందూ లేచి, మా అమ్మాయి అడగలేదు, పేరు తీసెయ్యండి అని చెప్పేశారు. వెనక నుంచి ఎవరో, "సంఘ పెద్ద గుంటే ఇలాగైతే మన గుంటలు ఇంక మాటింటారేటి?" అన్నారు. పిల్లల్ని గుంటలంటారు లెండి మా వైపు. నాన్న విన్నారు. తలవంపులుగానే ఉండుంటుంది ఆయనకి. అయినా ఇంటిదాకా అప్ప చెయ్యి వదల్లేదు. ఆ రోజు నాన్న మీద నాకు పుట్టినంత ప్రేమ మళ్లీ ఎవరి మీదా పుట్టలేదు...

అప్పటినుంచి మోకరించే ముందు, "ఇయాల ఏటి కబుర్లు?" అని మమ్మల్నే అడిగేవారు. ప్రార్థనలు పొట్టివైపోయాయి, కబుర్లు పొడుగైపోయాయి. నా కడుపునొప్పి సంగతి కూడా నన్నే అడిగి, ఏడో ఎక్కం దగ్గర కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పించారు.

రెండేళ్ల తర్వాత ఒకరోజు అన్నం వడ్డిస్తూ అప్ప, "నాన్నా, ఇప్పుడు నా పేరు ఇయ్యండి" అంది.

"నా కోసమా తల్లీ?"

"కాదు నాన్నా. నాకే కావాలి."

నాన్న కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని ఏడ్చేశారు. బాప్తిస్మం నాడు నది దగ్గర కూడా, అందరూ పాడుతుంటే ఆయనకి మాత్రం పాట రాలేదు.

మొన్న విశాఖ నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, నీ మనవడు చర్చికి రానంటన్నాడు. ఆడి కోసం ప్రార్థన సెయ్యి" అన్నాడు.

"సేస్తాన్రా... ఎందుకు రానంటన్నాడో ఆడిని అడిగేవా?" అన్నాను.

"అడుగుతానమ్మా" అని పెట్టేశాడు.

ఇప్పుడు ఎవరి గది వాళ్లదే, తలుపులు దగ్గరగా వేసే ఉంటాయి... మీ ఇంట్లో పిల్లల మాటకి పెద్దవాళ్లు ఆగి చెవి ఒగ్గిన రోజు ఏదైనా గుర్తుందా? రాయండి, తీరిగ్గా కూర్చుని వింటాను...