చిన్న పని ముందు

అరవైల చివర, రాజాంలో ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డులో ఒక మేస్త్రీ ఉండేవాడు. ఏ పని వచ్చినా చేత్తో ఎత్తి చూసి, తేలికైనదాన్ని ముందు చేసేవాడు. దోమ తన కాలు విరిగిందని వస్తే, ఏనుగును బయట నిలబెట్టి ముందు దోమకే అతుకు వేసేవాడంటే నమ్మండి.

"సిన్నవి ముందు తోసేస్తే నలుగురు నవ్వుకుంటా పోతారు బావా" అనేవాడు నాతో. నిజమే, ఆ షెడ్డు ముందు గుంపు ఎప్పుడూ పలచగానే ఉండేది.

వానలు మొహం చాటేసిన ఏడు, ఒక రైతు నీళ్లు తోడే ఇంజన్ని బండిమీద తెచ్చాడు. చేలో వరి ఈనడానికి పొట్టమీదుంది. ఇంజను విప్పుదామనుకునేలోగా రోజూ ఎవరో ఒకరు బోల్టు పట్టుకుని దిగేవారు.

"మావా, సేను సచ్చిపోతంది. నాది సూడు."

"ఈ బోల్టొక్కటీ అయిపోనీరా. తర్వాత నీదే."

బోల్టులు వస్తూనే ఉన్నాయి. చేను ఎండిపోయింది.

చివరికి ఆ రైతు తాళంకప్ప పట్టుకొచ్చాడు. "ఇంజనొగ్గీ మావా, ఇంక దాంతో పన్లేదు. దీనికి తాళంచెవి సేసియ్యి. ఇల్లు మూసేసి ఖరగ్‌పూర్ కూలికి పోతన్నాం."

మేస్త్రీ అలవాటుగా దాన్ని చేత్తో ఎత్తి చూశాడు. ఆ రోజు షెడ్డులో అంతకంటే తేలికైన పని లేదు.