బెత్తెడు తేడా

నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ వినాయకుడికి నిరుడు పది కిలోల లడ్డూ పెట్టారు. ఈసారి ఇరవై కిలోలది చేయించే పని కమిటీ పెద్దాయన నెత్తికెత్తుకున్నారు. నేను నానక్‌రామ్‌గూడలో ఆఫీసు ముగించుకుని వచ్చేసరికి లడ్డూ దేవుడి ముందు పీట ఎక్కింది.

"డబల్ అంటే ఇంతేనా అన్నా?" అంటోంది మూడో అంతస్తు కడప అక్క. "పోయినేటి దానికీ దీనికీ బెత్తెడు తేడా గూడా ల్యాదే."

"నా కండ్ల ముంగటనే జోకిండ్రమ్మా."

"నీ కండ్లకు అద్దాలు మార్పించుకో అన్నా."

కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. భుజం మీది కండువా తీసి మడిచారు. "ఇగ నాకొద్దు ఈ కమిటీ," అన్నారు.

నిమజ్జనం దాకా లడ్డూను కదపకూడదు కాబట్టి తూచే దారి లేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. మెట్ల కిందికి వెళ్లి, అక్కడ దాచిన నిరుటి గాజు పెట్టెను, అప్పటి లడ్డూ అంచులు తాకేలా పట్టినదాన్ని, స్కేలుతో లోపల కొలిచాను. పది అంగుళాలు. లడ్డూ పెరిగితే మూడు వైపులా పెరుగుతుంది. పది పదుల పదులు వెయ్యి. బరువు రెట్టింపు కావాలంటే అది రెండు వేలు కావాలి. అరచేతిలో పెన్నుతో వేసుకున్నాను. పన్నెండు పన్నెండ్లను మళ్లీ పన్నెండుతో గుణిస్తే పదిహేడు వందల ఇరవై ఎనిమిది, పదమూడుకైతే రెండు వేలు దాటిపోతోంది. మధ్యలో, పన్నెండున్నర దగ్గర ఎక్కడో ఉండాలి. ఫోను అడ్డంగా తిప్పి, క్యాలిక్యులేటర్‌లో రెండు వేలకు ఘనమూలం నొక్కాను. పన్నెండు పాయింట్ ఐదు తొమ్మిది తొమ్మిది.

నిజంగా ఇరవై కిలోలే అయితే అడ్డం పన్నెండున్నర అంగుళాల మీద కాస్త ఉండాలని అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ అందరికీ చెప్పింది. కడప అక్కే టేపు తెచ్చి, లడ్డూకు తగలకుండా పట్టుకుంది.

"పన్నెండున్నర," అంది. ఇంకా వంగి చూసింది. "పైన రవ్వంత ఉండాది."

మిగతా పది కిలోలూ మా అందరి కళ్లెదుటే ఉన్నాయి. పొడవులో కొంత, వెడల్పులో కొంత, ఎత్తులో కొంత సర్దుకుని, ఎవరికీ కనబడకుండా కూర్చున్నాయి. పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయిన లెక్క, నా అరచేతిలోనూ ఆ పీట మీదా ఒకేలా ఉంది.

పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. "మరి బిడ్డా, అడ్డం గూడ డబల్ గావాల్నంటే ఎన్నింతలు చేపియ్యాలె?"

"ఎనిమిదింతలు," అన్నాను. ఆ గుంపులో అదే నా మొదటి మాట.

"ఎనభై కిలోలు." ఆయన కడప అక్క వైపు తిరిగారు. "వచ్చే యేడు నువ్వే మోసుకరావాలె చెల్లే."

"నీ చేతి మీదుగానే కానీలే అన్నా," అంది అక్క, టేపు చుట్టుకుంటూ.

ఆయన కండువా విప్పి భుజాన వేసుకుని, హారతి వెలిగించారు.