తెల్ల ఆల్పకా చెవిలో ఎర్ర నూలు

ఎర్మెలిందా చోకె, వయసు పన్నెండు సంవత్సరాలు. ఈ విన్నపం వ్రాస్తున్న మాజీ సంఘ కార్యదర్శి ఆమెను పదకొండు సంవత్సరాలుగా ఎరుగును. ఆమెకు తొలిసారి జుట్టు తీసిన వేడుకలో మొదటి కత్తెర వేసి, ఉన్ని కోసం పెంచే ఒక తెల్ల ఆడ ఆల్పకాను కానుకగా ఇచ్చిన జ్ఞానతండ్రి ఆయనే. కనుక ఆమె ఎటువంటి పిల్లో, ఏ పొరపాటు చేసిందో, దాని వలన ఏమి పోగొట్టుకున్నదో సంఘపెద్దల ఎదుట ఉంచే బాధ్యత ఆయనపై పడింది.

పిల్లలు ఎలా పుడతారో ఎర్మెలిందాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ కొండ మీద ఎవరికీ ఎవరూ చెప్పరు. కాళ్లు నిలిచిన ఏడాదే ఆమె దొడ్డి రాతిగోడ ఎక్కి కూర్చున్నది. మగ ఆల్పకా గొంతులో గురగురలాడుతూ రావడం, ఆడది మోకాళ్లు మడిచి నేలకు కరుచుకోవడం అక్కడి నుంచే చూసింది. ఈత ఎప్పుడూ పొద్దుటి పూటే జరుగుతుందనీ, మధ్యాహ్నపు వడగళ్లకు తడి పిల్ల బతకదనీ, తల్లి తన పిల్లను నాకదు గనుక గోనెగుడ్డతో తుడవవలసింది మనిషేననీ ఆమెకు అక్షరాలకన్నా ముందే తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. జత కట్టించిన రెండు వారాలకు మగదాన్ని మళ్లీ ఆడదాని ముందుకు నడిపిస్తారు. ఆడది కూర్చుంటే కడుపు నిలవనట్టు. మెడ తిప్పి, కాలు జాడించి, నెమరులోని పచ్చటి ఉమ్మి మగదాని ముఖాన కొడితే చూడి నిలిచినట్టు. ఆ పరీక్షలో మగదాని తాడు పట్టుకునేది ఎర్మెలిందాయే. తల్లి పోయిన ఏడు తండ్రి తియోదోసియో ఆ తాడును ఆమె చేతిలో పెట్టి, "పట్టుకోమ్మా, ఇక నువ్వూ నేనే" అన్నాడు. ఆ మాటను ఆమె తాడుకన్నా గట్టిగా పట్టుకున్నది.

నిరుడు మంచుకు బంగాళాదుంపలు ఆరబెట్టే రోజుల్లో సబీనా తియోదోసియో భార్యగా ఆ ఇంటికి వచ్చింది. పక్క లోయలో ఒకసారి పెళ్లయి, పుట్టింటికి తిరిగి చేరిన స్త్రీ. ఎందుకు తిరిగి వచ్చిందో తియోదోసియో అడగలేదు. ఎర్మెలిందాకు తెలిసిందల్లా, పొయ్యి దగ్గర తండ్రి ఎడమ పక్కన తాను పరుచుకునే తోలు ఆ రోజు నుంచి పొయ్యికి అవతల పడిందని. తండ్రి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో ఆమెకు అర్థం కాలేదు. తన కోసం ఎందుకు బయటికి తీయలేదో అంతకన్నా అర్థం కాలేదు. పిన్ని కాచిన చారులో ఉప్పు సరిగ్గా సరిపోయేది. అందుకు ఆమెకు మరింత కడుపు మండేది.

వానల్లో జత కట్టించే కాలం వచ్చింది.

"మగది ఈ ఏడు బాగా బలిసింది. తాడు పిన్నికివ్వు, నువ్వు దొడ్డి వాకిలి చూసుకో" అన్నాడు తండ్రి.

"దానికి నేనే అలవాటు నాన్నా."

"అలవాటైతే? ఈడ్చుకుపోయి వాగులో పడేస్తుంది. ఇవ్వు."

"పోనీలేవయ్యా, పిల్లనే పట్టుకోనియ్" అన్నది సబీనా.

తనదాన్ని తనకే దానం చేస్తున్నట్టున్న ఆ మాట ఎర్మెలిందాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది. తాడు విసిరి వాకిలి దగ్గరకు పోయింది.

ఆమెకంటూ మిగిలినది ఒక్కటే. జ్ఞానతండ్రి ఇచ్చిన ఆల్పకా కిందటి ఏడు ఒక ఆడపిల్లను ఈని చనిపోయింది. ఆ పిల్ల మచ్చ లేని తెలుపు. సొంతదారు ఎవరో తెలిపే రంగు నూలు దాని చెవికి ఇంకా పడలేదు. ఎర్మెలిందా నూలు పసుపు. కార్నివాల్ పండుగ నాడు పెద్దల ఎదుట ఆ చెవికి గుచ్చడానికి ఆమె స్వయంగా రంగు వేసి, పేని, ఉంచుకున్నది.

కార్నివాల్ ఇంకా వారం ఉందనగా ఒక పొద్దున ఆమె దొడ్డి వాకిట్లో నిలబడి ఉంది. గాలి హోరుకు మాటలు వినబడవు, మనుషులు మాత్రం కనబడుతున్నారు. తండ్రి ఆ తెల్లదాని మెడ మీద చెయ్యి వేసి, నవ్వుతూ సబీనా దగ్గరకు జరిగి ఏదో అన్నాడు. సబీనా నములుతున్న కోకా ఆకు మొత్తం అతను కప్పుకున్న పొంచో మీద ఉమ్మింది. పచ్చగా. పక్కనున్న బొక్కెనను కాలితో తన్నింది. పోయి కొండ వైపు మెడ తిప్పి కూర్చున్నది. చెవులు వెనక్కి వాల్చడం ఒక్కటే తక్కువ.

పిన్నికి కడుపు నిలిచిందని ఎర్మెలిందా తేల్చుకున్నది. పుట్టేవాడు తండ్రి ఎడమ పక్కనా, కుడి పక్కనా రెండూ తీసుకుంటాడు. జుట్టు తీసే నాడు మందలో మేలైనది వాడికే ఇస్తారు. మేలైనది ఏదో ఆమెకు తెలుసు.

ఊట దగ్గర పక్కింటి గ్రిమనేసా కడవ నింపుకుంటున్నది.

"ఏమే, మొహం అలా మాడ్చుకున్నావు?"

"మా పిన్ని కడుపుతో ఉంది అత్తా."

"నిజంగా? ఎవరు చెప్పారే?"

"ఒకరు చెప్పాలా? చూస్తే నాకు తెలీదా?"

"తెలీకేం, నిరుడు మా గోధుమరంగుది చూడిదని అందరికన్నా ముందు చెప్పింది నువ్వేగా! అయితే తమ్ముడొస్తున్నాడన్నమాట. ఇక నువ్వు వాకిట్లోనే పడుకోవాలి, మీ కుక్క పక్కన!"

గ్రిమనేసా నవ్వుకుంటూ పోయింది. కడవలో నీళ్లతో పాటు ఆ కబురునూ మోసుకుపోయింది.

కార్నివాల్ నాడు దొడ్డిలో ఏమి జరిగిందో పెద్దలకు విదితమే. వారిలో కొందరు అక్కడే ఉన్నారు. సబీనా ఇంటి దగ్గర దుంపలు ఉడకబెడుతున్నది. గ్రిమనేసా అందరి ఎదుటా తియోదోసియోకు శుభం పలికింది. మగవాళ్లు అతని వీపు చరిచి, మొక్కజొన్న కల్లు చేతికిచ్చారు. భార్య సిగ్గుపడి దాచిందనుకున్నాడు. ఆనందంలో మనిషి మనిషిలా లేడు.

"తెల్లదాని తల పట్టుకోవే ఎర్మెలిందా!" అని కేక వేశాడు.

ఆమె పట్టుకున్నది. పట్టుకోవడం ఆమె పని. తండ్రి సూదికి ఎర్ర నూలు ఎక్కించి, "నా పుట్టబోయే బిడ్డకి!" అని చెవిలో గుచ్చాడు. పెద్దలు భూమాతకు కల్లు పోశారు. ఒక్క నెత్తురు చుక్క ఎర్మెలిందా చేతి మీద పడింది. పసుపు నూలు ఆమె నడుము దట్టీలోనే ఉండిపోయింది. ఏ మాట భయంతో పుట్టించిందో ఆ మాటే వచ్చి తన సొత్తు తీసుకుపోయింది.

అంతలో సబీనా దుంపల కుండతో వచ్చింది. ఆడవాళ్లు మెడలో రంగు కాగితాలు వేశారు. గ్రిమనేసా తాను నేసిన పసిబిడ్డ కట్టుపట్టీని భుజం మీద కప్పి, "ఆ కుండ దింపవే తల్లీ, ఇక బరువులెత్తకు!" అన్నది.

"ఏంటిదంతా?"

"ఎందుకే దాపరికం? ఊరంతా తెలిసింది."

సబీనా కట్టుపట్టీని తీసి మడతపెట్టింది. "నాకా, కడుపా? ఆ కడుపు పండలేదనే కదా ఆ లోయవాళ్లు నన్ను వెళ్లగొట్టింది. ఈనని ఆల్పకాని కోతకి పంపుతారు, నన్ను మా అమ్మ దగ్గరికి పంపారు. అంతే తేడా. ఎవరన్నారు ఈ మాట?"

ఆడవాళ్లు గ్రిమనేసా వైపు చూశారు.

"నేనే" అన్నది ఎర్మెలిందా. "నువ్వు నాన్న మీద ఉమ్మావుగా. పచ్చగా. కాలు కూడా జాడించావు."

ముందు గ్రిమనేసా నవ్వింది, తరువాత దొడ్డి అంతా నవ్వింది. సబీనా నవ్వలేదు.

"ఎందుకు ఉమ్మానో తెలుసా? ఈ తెల్లదాన్ని మనకి పుట్టేవాడికి ఇద్దాం అన్నాడు మీ నాన్న. లేని బిడ్డకి ఉన్న బిడ్డ సొమ్ము పెడతావా అని ఉమ్మాను." తరువాత భర్త వైపు తిరిగి, "తియ్యవయ్యా ఆ నూలు" అన్నది.

తియోదోసియో చెయ్యి చాచాడు. పెద్దలు ఆపారు. కల్లు పోసి గుచ్చిన నూలును మనిషి తన ఇష్టప్రకారం తీయరాదు. అది ఆచారం, దానిని ఈ విన్నపం తప్పు పట్టదు.

మరునాడు ఎర్మెలిందా, సబీనా కలిసి జ్ఞానతండ్రి ఇంటికి వచ్చారు. కలిసి వచ్చారు గానీ, చెరొక బల్ల మీద కూర్చున్నారు. మగదాని తాడు తిరిగి తనకే ఇచ్చేశారని ఎర్మెలిందా చెప్పింది. పిన్నితో మనసు కలిసినట్టేనా అని అడగగా ఆమె ఒప్పుకోలేదు.

"అసూయ పోయిందని రాయకు పెదనాన్నా, పోలేదు. తాడుకి పిన్ని వేసే ముడి నా ముడికన్నా గట్టిది. అది కూడా నాకు పడదు."

"నేర్పుతానన్నాగా" అన్నది సబీనా గోడ వైపు చూస్తూ.

"నేర్చుకుంటా. అయినా పడదు." తరువాత జ్ఞానతండ్రి వైపు తిరిగి, "ఇంకోటి కూడా రాయి. పిన్ని ఎదురుగా ఈనని ఆల్పకాల మాట ఎవరూ ఎత్తొద్దని" అన్నది.

కావున, పై సంగతులన్నిటినీ దయతో విచారించి, ఆ ఎర్ర నూలు పుట్టని బిడ్డ పేరున, పొరపాటు కబురు మీద పడినదని గుర్తించి, భూమాతకు తిరిగి కల్లు పోసి దానిని తీయించవలసిందిగా; ఆ తెల్ల ఆల్పకాకూ, దానికి కలగబోయే సంతతికీ ఎర్మెలిందా చోకె పసుపు నూలును గుచ్చనీయవలసిందిగా; అందుకు సబీనా పూర్ణ సమ్మతి ఉన్నదనీ, సూది పట్టేటప్పుడు ఆల్పకా తల తానే పట్టుకుంటానని చెప్పినదనీ గమనించవలసిందిగా; ఆమె ఎదుట పైన చెప్పిన మాట ఎవరూ ఎత్తకుండా కట్టడి చేయవలసిందిగా, సంఘపెద్దలను సవినయంగా ప్రార్థించడమైనది.