సెక్రటరీ ఇంటి ఎదుట రాసిన బ్లడ్ రిపోర్టు

పరుగు మర్నాడు పొద్దున్న మా ఆయన బాత్రూంలోంచి కేకేశాడు. వెళ్ళి చూస్తే మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంది. తొడలు బిగుసుకుపోయి నిలబడలేకపోతున్నాడు.

మాది కలకత్తాలోని ఖిదిర్‌పూర్. ఇద్దరం కార్పొరేషన్‌లో స్వీపర్లం. థలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే ఖర్చు కోసం మా వీధి క్లబ్బు పెట్టిన పరుగది. డైమండ్ హార్బర్ వెళ్ళి తిరిగి రావాలి, వంద కిలోమీటర్లు. పరిగెత్తింది మా ఆయనొక్కడే. వెనకాల వ్యాన్‌లో క్లబ్బు సెక్రటరీ.

ఆస్పత్రికి సెక్రటరీ కూడా వచ్చాడు. ఎమర్జెన్సీ డాక్టరు ఏం మాత్రలు వేసుకున్నాడని అడిగితే, నేను నోరు తెరిచేలోపే సెక్రటరీ అందుకున్నాడు. "మాత్రలేవీ లేవు సార్. స్వీపర్ల సంగతి తెలుసుగా, తాగుంటాడు." డాక్టరు ఆల్కహాల్ అని రాసుకున్నాడు. రక్తం తీసి, ఇంజెక్షనిచ్చి వరండాలో పడుకోబెట్టారు. ఆ రోజంతా అలాగే పోయింది. మూత్రం ఆగిపోయింది.

"నాను తాగనేదే, నువ్వైనా నమ్ము" అన్నాడు మా ఆయన నా చెయ్యి పట్టుకుని. ఆ మాట ఇప్పటికీ నన్ను కాలుస్తుంది.

మర్నాడు వేరే డాక్టరమ్మ వచ్చి, ఏం మాత్రలు వేసుకున్నావని నేరుగా మా ఆయన్నే అడిగింది. "కాళ్ళు పట్టేసి ఆగిపోతానంటే సెక్రటరీ దాదా మాత్రలిచ్చినాడమ్మా. మూడుసార్లు. స్టేజీ మీద పార్టీ లీడరుగారు ఎదురుసూస్తన్నారు, ఆగితే పరువు పోద్దన్నాడు."

ఆమె రిపోర్టులు చూసింది. "ఆల్కహాల్ లేదు. కండరాలు చితికితే రక్తంలో పెరిగే సీపీకే విపరీతంగా ఉంది. ఇది రాబ్డోమయోలిసిస్. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడింది, పైగా పెయిన్‌కిల్లర్లు. క్రియాటినిన్ ఒకటి ఉండాల్సింది ఎనిమిదుంది. నిన్ననే తెలిసుంటే బావుండేది."

ఆరు డయాలసిస్‌లు. మూడోదాని తర్వాత మెడలో పెట్టిన డయాలసిస్ గొట్టానికి ఇన్ఫెక్షనొచ్చి చలిజ్వరం. పోతాడనే అనుకున్నాను. సెక్రటరీ మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కలేదు.

మా క్వార్టర్ల గోడ సరిగ్గా సెక్రటరీ గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. డిశ్చార్జయిన వారం నల్లరంగు కొన్నాను. నేను చదివింది బంగ్లా బడి, రాసిందీ బంగ్లాలోనే. పార్టీలవాళ్ళు రాసేంత పెద్ద అక్షరాలతో రాశాను: "ఎదురింటి సెక్రటరీ నా భర్తకు మూడుసార్లు పెయిన్‌కిల్లర్ ఇచ్చి పరిగెత్తించాడు. ఆస్పత్రిలో తాగుబోతన్నాడు. క్రియాటినిన్ ఎనిమిది. ఆల్కహాల్ లేదు."

సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. "బౌదీ, ముఛే దిన్, చెరిపెయ్యండి!"

"ఏటి దాదా, అబద్దవేటైనా రాసినానా?"

రాత్రికి రాత్రి సున్నం కొట్టించాడు. నేను మళ్ళీ రాశాను. అలా నాలుగుసార్లు. ఎలక్షన్లప్పుడు ఆ లీడరే మా వీధికొచ్చి, నిలబడి మొత్తం చదివాడు. ఆ తర్వాత సెక్రటరీ కుర్చీలో ఇంకొకరు కూచున్నారు. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండాను.

ఇప్పుడు ఆయన పరిగెత్తడు, నడుస్తాడు. క్రియాటినిన్ నార్మల్‌కొచ్చింది. క్షమించెయ్యవే అంటాడు. ఆయన క్షమించుకోనీ, నేను క్షమించను.

చదివేవాళ్ళకి ఒక్కమాట. పరుగు తర్వాత మూత్రం రంగు మారితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి. ఏం మాత్రలు మింగారో ఆ మింగిన మనిషి చేతే డాక్టరుకి చెప్పించండి. ఆ మాత్రలిచ్చినవాణ్ణి మాత్రం మాట్లాడనివ్వకండి.