గోరంత పొట్టి బోల్టు

మా ఇంట్లో నా షేవింగు సామాను డబ్బాలో, పాత బ్లేడుల కింద, ఒక బోల్టు ఉంది. వేలెడు కూడా ఉండదు. తొమ్మిదేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. ఇల్లు మారినప్పుడు పారేద్దామనుకున్నాను. పారెయ్యలేదు. ఎందుకు దాచుకున్నానో నాకే సరిగ్గా తెలియదు.

నా పేరు చెప్పను. మీరెవరో కూడా నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ప్రతి ఆదివారం అందరితోపాటు గొంతు కలిపి నేను పాపినని ఒప్పుకుంటాను. అందరూ ఒప్పుకుంటారు కాబట్టి అదేమంత కష్టం కాదు. బోల్టు మాట మాత్రం నా నోట ఎప్పుడూ రాలేదు.

నేను మెకానిక్‌ని. మద్దిలపాలెం బస్సు డిపోకి కాస్త అవతల మా షెడ్డు. మా అంటే నాదీ, సన్యాసిరావుదీ. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. నేను వాడికంటే రెండేళ్ళు ముందు చేరాను. ఆ రెండేళ్ళ సంగతి నేను తప్ప ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకుంటాం. చూసినవాళ్ళు అన్నదమ్ముల్లా ఉన్నారంటారు.

అసలు బాధంతా వాడి చెయ్యి. బోల్టుని ఎక్కువ బిగిస్తే అది పట్టుకునే చుట్లు, అంటే మర, తెగుతుంది, తక్కువ బిగిస్తే నీళ్ళో నూనో కారుతుంది. నాలాంటివాళ్ళ కోసం టార్క్ రెంచి అని ఒకటుంది. కావలసినంత బిగువు రాగానే టక్కుమంటుంది, అక్కడ ఆపాలి. సన్యాసికి అది అక్కర్లేదు. కళ్ళు మూసుకుంటాడు, స్పానర్ తిప్పుతాడు, ఒకచోట మణికట్టు ఆగిపోతుంది. అంతే. వాడు టీకి వెళ్ళగానే నేను నా రెంచి పెట్టి చూసేవాణ్ణి. పని సరిగ్గా ఉందో లేదో చూస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. ఒక్కసారైనా వాడి తప్పు దొరకాలని చూసేవాణ్ణి. పన్నెండేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు. రెంచి వెంట్రుకవాసి కదలకుండానే టక్కుమనేది. ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు మండిపోయేది.

షెడ్డు గుమ్మంలో నేను నిలబడి ఉండగానే, బళ్ళు తెచ్చినవాళ్ళు నా మొహం చూస్తూనే, "సన్యాసి లేడా?" అని అడిగేవారు. నేను నవ్వుతూ లోపలికి కేకేసేవాణ్ణి. ఆ నవ్వు నవ్వీ నవ్వీ నాకు దవడలు నొప్పెట్టేవి.

సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ ఉన్నారు. వాళ్ళ నాన్నగారు వాడిన పాత కారు, మీగడ రంగుది, ఆవిడ ప్రాణంలా చూసుకుంటారు. ఆ కారు తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. ఒక భాగం పాడైతే కొత్తది దొరకదు, ఉన్నదాన్నే బతికించాలి. తొమ్మిదేళ్ళ కిందట దాని వాటర్ పంపు కారుతోందని తెచ్చారు. నేను బానెట్ ఎత్తి చూస్తూ, రేపటికి చేసి ఇస్తానన్నాను. ఆవిడ చాలా మర్యాదగా అన్నారు: "మీరు విప్పండి, పర్వాలేదు. బిగించేది మాత్రం సన్యాసిరావు గారినే బిగించమనండి."

ఆవిడ తప్పేం లేదు. ఉన్నమాటే అన్నారు. కానీ ఆ "పర్వాలేదు" నా కడుపులోకి దిగిపోయింది.

సన్యాసికి ఒక అలవాటుంది. ఏది విప్పినా చెప్పుల పెట్టె అట్ట ఒకటి తీసుకుని, దాని మీద పెన్సిల్‌తో ఆ భాగం బొమ్మ గీసి, చిల్లులు పొడిచి, ఏ బోల్టు ఏ రంధ్రంలోంచి వచ్చిందో అక్కడే గుచ్చుతాడు. ఒక్కో బోల్టు ఒక్కో పొడుగు. విప్పిన బోల్టు మళ్ళీ తన రంధ్రంలోకే పోవాలంటాడు. ఆ అట్టని కళ్ళు మూసుకుని నమ్ముతాడు.

మర్నాడు పంపు విప్పి, బోల్టులు అట్టకి గుచ్చి, వాడు పంపు కింద వేసే ప్యాకింగు తేవడానికి బజారుకి వెళ్ళాడు. అట్ట నా ముందుంది. పాత బోల్టుల డబ్బాలో వెతికాను. అదే తల, అదే మందం, గోరంత పొట్టి. కిరసనాయిల్‌తో కడిగాను, మిగతావాటిలాగే కనపడాలి కదా. అట్టలో పొడుగుది తీసి జేబులో వేసుకుని పొట్టిది గుచ్చాను. పైకి తలలే కనిపిస్తాయి. ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు నేను ఏం కోరుకున్నాను? నీళ్ళు కాస్త కారితే డాక్టరమ్మ ముందు వాడు ఒక్కసారి తల దించుకుంటాడు, అంతవరకే అనుకున్నానని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ నేను మెకానిక్‌ని. ఆ పంపు కూర్చునే చోటు అల్యూమినియం అనీ, అది మెత్తటి లోహమనీ, పది చుట్లు పట్టుకోవలసిన చోట మూడు చుట్లే పట్టుకుంటే పూర్తి బిగువుకి అవి ఊడి వచ్చేస్తాయనీ నాకు తెలియదా? తెలుసు. బాగా తెలుసు.

వాడొచ్చాడు. పంపు కూర్చోబెట్టాడు. కళ్ళు మూసుకుని మూడు బోల్టులు బిగించాడు. నాలుగోదానికి మణికట్టు ఆగబోయింది, ఆగకుండా సర్రున తిరిగిపోయింది. వాడు కళ్ళు తెరిచాడు. బోల్టు బయటికి లాగితే దాని చుట్టూ వెండితీగలా అల్యూమినియం పొట్టు. కారులో ఉండాల్సిన మర అది. వాడు దాన్ని సరిగ్గా చూసేలోపే, "ఇలా తే, తుడుస్తాను" అని చేతిలోంచి తీసుకున్నాను. అటు తిరిగాను. పొట్టిది జేబులోకి పోయింది, జేబులోని పొడుగుది గుడ్డలోంచి బయటికి వచ్చింది. వాడు దాన్ని అట్ట పక్కన పెట్టి చూశాడు, కొలిచాడు. అంతా సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది వాడి చెయ్యి ఒక్కటే.

"నా సెయ్యికి తెలీలేదు బావా," అన్నాడు. "బిగువు వత్తాదనే అనుకున్నాను. ఏటైపోనాదో తెలీట్లేదు."

అప్పుడు చెప్పొచ్చు. జేబులో చెయ్యి పెడితే చాలు. నేనేమన్నానో తెలుసా?

"వయసు కదా బావా. ఎవలికైనా వత్తాది."

వాడికి అప్పటికి నలభై ఒకటి. వాడు తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "ఇకమీదట ఆఖరి బిగింపు నువ్వే సెయ్యి. నాకు బయమేత్తంది," అన్నాడు. బోల్టు మార్చినదానికంటే ఆ వయసు మాట అన్నందుకే నాకు ఎక్కువ సిగ్గు. బోల్టు చెయ్యలేని పని ఆ మాట చేసింది.

ఆ రంధ్రాన్ని వాడే బాగుచేశాడు. పెద్దగా డ్రిల్లు వేశాడు. పొట్టు లోపల పడకుండా ట్యాపుకి, అంటే మర కోసే పనిముట్టుకి, గ్రీజు పూసి, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పుతూ కొత్త మర కోశాడు. అందులోకి స్ప్రింగులాంటి స్టీలు చుట్ట ఎక్కించాడు. ఇప్పుడు ఆ కారు మొత్తంలో గట్టి రంధ్రం అదే. నేను పక్కన నిలబడి చూశాను. పాపం అనిపించాలి కదా? ఏడుస్తూ చేసిన పని కూడా వీడు ఇంత అందంగా ఎలా చేస్తాడని కుళ్ళుకున్నాను.

తరవాత జరిగింది ఇంకా విచిత్రం. తెగిన మరలు బాగుచెయ్యాలంటే సన్యాసే చెయ్యాలని పేరొచ్చేసింది. ఎక్కడెక్కడి పాత కార్లో మా షెడ్డు ముందు నిలబడుతున్నాయి. అన్నీ వాడే చేస్తాడు, ఆఖర్న "బావా, రా" అని పిలుస్తాడు. నేను వెళ్ళి టక్కుమనిపించి వస్తాను. తొమ్మిదేళ్ళుగా వాడు ఒక్క బోల్టూ కళ్ళు మూసుకుని బిగించలేదు. నేను కోరుకున్నది నాకు దొరికింది. ఒక్క రోజు కూడా కడుపు నిండలేదు.

మొన్న గురువారం డాక్టరమ్మ కారు మళ్ళీ వచ్చింది. అదే పంపు. ఆ ఉదయం షేవింగు డబ్బాలోంచి బోల్టు తీసి జేబులో వేసుకున్నాను. ఇవాళ వాడి చేతిలో పెట్టేద్దాం, కొడితే కొట్టనీ అనుకున్నాను. వాడు పిలిచాడు. నేను స్పానర్ వాడి చేతికే ఇచ్చాను.

"ఇయాల నువ్వే బిగించు బావా."

"ఒద్దులే. మల్లీ ఆ డాక్టరమ్మ కారే కదా."

"పర్లేదు."

స్పానర్‌ని బోల్టు తలకి తగిలించాడు. తరవాత కళ్ళు మూసుకున్నాడు. మణికట్టు ఆగింది. వెంటనే కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని, "నీ రెంచి పెట్టి సూడు," అని కుళాయి వైపు వెళ్ళిపోయాడు. చూడలేక అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నాడు.

రెంచి పెట్టాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. టక్.

తొమ్మిదేళ్ళు ఒక్క ఆఖరి బిగింపూ ఎరగని చెయ్యి. అయినా అదే చోట ఆగింది. జేబులో బోల్టు తొడకి తగులుతూనే ఉంది. కానీ ఆ చప్పుడు వినగానే పాత మంట మళ్ళీ లేచింది.

"ఎంత తక్కువైనాది?" వాడు అటు తిరిగే అడిగాడు.

"కొంచెమే," అన్నాను.

"నాను సెప్పలేదేటి," అని నవ్వాడు.

ఇదీ నేను చెప్పాలనుకున్నది. తొమ్మిదేళ్ళ కిందటిది కాదు, ఈ గురువారానిది. పాతదాన్ని పాతదని ఎలాగో సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు. బోల్టు మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది. రేపు పొద్దున్న వాడు "బావా, రా" అంటాడు, నేను వెళతాను. వెళ్ళి ఏం చేస్తానో మీకు మాటివ్వలేను. నన్ను నేను ఎరుగుదును.

కానీ వాడితో అనవలసినవి రెండు మాటలున్నాయి. ఇక్కడైనా రాస్తాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

బిగువు సరిగ్గా ఉంది, సన్యాసీ. అప్పుడూ నీ చేతి తప్పు కాదు.